అతకకముందే కోసిన పడుగు

ఏర్పేడు,
18 మే 2025

నాయనకు,

ముందుగా పంటి సంగతి. నాకు పంటినొప్పి లేదు. పోయిన వారం అమ్మతో ఫోనులో ఇక్కడి చపాతీలు నమలలేక చస్తున్నానని అన్నాను. అమ్మ దవడ మీద చెయ్యి పెట్టి నీకు ఏం సైగ చేసిందో గాని, నువ్వు లవంగాల పొట్లం పోస్టులో పంపించావు. గదిలో నలుగురం టీలో వేసుకుని తాగుతున్నాం. అందుకే చదువు సంగతులు అమ్మకు చెప్పను, నీకు రాస్తాను. నీ చిన్న ఫోనుకు తెలుగులో మెసేజీ పంపితే నువ్వు నేసే లుంగీలాగే గళ్ళు గళ్ళుగా వస్తుంది. మగ్గాల మోత నీ చెవులు తీసుకుపోయింది గాని కళ్ళు వదిలిపెట్టింది కదా, చదువు.

ఏర్పేడులో ఈ వేసవి లెక్కల తరగతులకు రాకపోయి ఉంటే నాకు ఈ బాధ ఉండేది కాదేమో. మొదటి రోజే ఒక ప్రశ్న అడిగారు. సున్నాకూ ఒకటికీ మధ్యనున్న సంఖ్యలన్నిటినీ వరసపెట్టి జాబితా రాయగలమా అని. రాయలేమని నల్లబల్ల మీద సగం దాకా రాసి తేల్చేశారు. ఆ నిరూపణ చిత్తూరులో మా గైడులో కూడా ఉంది నాయనా. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అది నిజమని మాత్రం ఇక్కడే తెలిసింది.

మా కాలేజీ సంగతి నీకు తెలుసు. లెక్కల సారు దీపావళికి పోయి మళ్ళీ రాలేదు. కృపారాణి మేడమ్ ఫిజిక్సు చెబుతూనే మా లెక్కలూ చూస్తున్నారు. మూడో సంవత్సరం కూడా అంతే అయితే నాకు డిగ్రీ వస్తుంది, లెక్కలు రావు.

ఇక్కడ పాఠం చెప్పే ఒక సారు, రెండేళ్ళు ఒకచోట చదివి మూడో ఏడు ఇంకో యూనివర్సిటీలో చేరవచ్చని చెప్పారు. నాకు రెండు దారులు ఉన్నాయి. హైదరాబాదులో ఒక యూనివర్సిటీ లెక్కల్లో తీసుకుంటుంది, నా నాలుగు సెమిస్టర్లూ లెక్కలోకి వస్తాయి. తిరుపతిలో ఇంకొకటి ఉంది, అక్కడ ఖాళీ ఫిజిక్సులోనే, పైగా ఒక ఏడు వెనక్కి వెళ్ళాలి. నాకు హైదరాబాదు మీద మనసుంది. కానీ అమ్మ ఒక్కతే నీకు చెవులుగా మిగులుతుంది.

నువ్వు ఒక్క మాట చెప్పు. వెళ్ళమను, లేదా వద్దను. ఏదైనా సరే.

ఉత్తరం కింద ఢిల్లీబాబు అని పూర్తి పేరు రాయకు. నేనేమన్నా బ్యాంకు మేనేజరునా?

కోమలి


నగరి,
24 మే 2025

కోమలికి,

పొద్దున కరెంటు లేదు. పది దాటాక వచ్చింది. మూడో మగ్గం మీద పడుగు అయిపోయింది, కొత్తది అతికాము. అతికే ఆయన ఏకాంబరకుప్పం నుంచి వచ్చాడు. పాత పడుగు చివర జానెడు వదిలిపెట్టి ఉంచితే, ఒక్కో పాత పోగుకు ఒక్కో కొత్త పోగు మెలివేసి కలుపుతాడు. తర్వాత మెల్లగా లాగితే పాత దాని వెంట కొత్తది దువ్వెన పళ్ళలాంటి అచ్చు సందుల్లో నుంచి తానే వస్తుంది. నువ్వు చిన్నప్పుడు ఆయన వేళ్ళ దగ్గర ముఖం పెట్టుకుని కూర్చునేదానివి. నిన్ను అడిగాడు.

లవంగాలు వృథా కాలేదు గదా.

నీ ఉత్తరం చదివాను. మళ్ళీ చదివాను. ఆ రెండు యూనివర్సిటీల నిబంధనల కాగితాలు పంపు. ఇంగ్లీషులో ఉన్నా ఫరవాలేదు, డిక్షనరీ ఉంది.

పాత షెడ్డు నుంచి ఈ షెడ్డుకు నేను వచ్చిన రోజు గుర్తుకు వచ్చింది. ఇప్పటి ఓనరు ధనశేఖర్ వాళ్ళ నాయన నన్ను లోపలికి అడుగు పెట్టనివ్వలేదు. "ఆ షెడ్డాయన నిన్ను వదిలినానని చెప్తేనే ఈడ మగ్గం ముందర నిలబడేది" అన్నాడు. అప్పుడు నాకు చెవులు బాగుండేవి. ఇప్పటికీ నగరిలో అదే పద్ధతి.

ఆరోగ్యం చూసుకో.

ఢిల్లీబాబు


ఏర్పేడు,
30 మే 2025

నాయనకు,

కాగితాలు ఇందులో పెట్టాను. హైదరాబాదువి ఎక్కువ, తిరుపతివి రెండే.

కరెంటు గురించి రాశావు, పడుగు గురించి రాశావు. నేను అడిగింది తప్ప అన్నీ రాశావు. షెడ్డు కథ ఎందుకు రాశావో మాత్రం అర్థమైంది. ఉన్న చోటు వదిలి పోయేవాళ్ళను ఎవరూ లోపలికి రానివ్వరని కదా. వద్దు అని రెండక్షరాలు రాస్తే సరిపోయేది, అంత దూరం తిప్పాలా?

సరేలే, తిరుపతి అయినా పరవాలేదు. ఇంటికి దగ్గర. కృపారాణి మేడమ్ కూడా ఫోనులో అదే అన్నారు. "హైదరాబాదు యాడ, నువ్వు యాడ. తిరుపతిలో ల్యాబు బాగుండాది, ఫిజిక్సులో చేరు మా" అన్నారు. ఫిజిక్సు నాకు చేదేమీ కాదు. అందులో మనం చెప్పింది ప్రపంచం ఒప్పుకుంటే చాలు. లెక్కల్లో అలా కాదు, ఎవరూ లేనిచోట కూడా అది నిలబడాలి. నాకు ఆ రెండోది కావాలనిపించింది. అనిపించినవన్నీ జరుగుతాయా.

అమ్మను అడిగానని చెప్పు. ఏం సైగ చేసి చెబుతావో నీ ఇష్టం.

కోమలి


ఏర్పేడు,
5 జూన్ 2025

నాయనకు,

పోయిన ఉత్తరం కోపంలో రాశాను. పోస్టు డబ్బాలో వేశాక చెయ్యి పెట్టి తీయబోయాను, పట్టలేదు. దాన్ని చించేయి.

నిన్న ఇక్కడి సారుతో కూర్చుని హైదరాబాదు దరఖాస్తు నింపాను. ఆన్‌లైనులో పంపించేశాను కూడా. నువ్వు వద్దంటే ఇప్పటికీ వెనక్కి తీసుకోవచ్చు, భయపడకు. ఆయన అన్నారు, "నువ్వు ఫిజిక్సులో చేరితే బాగానే చదువుతావమ్మా, కాకపోతే కిటికీలో నుంచి లెక్కల క్లాసు వైపు చూస్తుంటావు" అని.

ఒక సంగతి జాగ్రత్తగా చదువు. ఈ దారి ఇంకో కాలేజీలో చదువుతూ ఉన్నవాళ్ళకే. అందుకని టీసీ ఇప్పుడు తీయకూడదు. టీసీ ఇచ్చారంటే అక్కడ మన పేరు కొట్టేసినట్టే, అప్పుడు ఎక్కడైనా మొదటి సంవత్సరంలోనే చేరాలి. ముందు కావలసింది మా కాలేజీకి అభ్యంతరం లేదని ఒక కాగితం. సీటు ఖాయమని వాళ్ళు రాశాకే టీసీ. తిరుపతిలోనూ ఇదే నియమమట. తరగతులు అయ్యాక చిత్తూరు వెళ్ళి ఆ కాగితం నేనే తెచ్చుకుంటాను. నువ్వు ఏమీ చేయక్కర్లేదు.

ఒక్క మాట తప్ప. అది ఇంకా రాలేదు.

కోమలి


నగరి,
6 జూన్ 2025

కోమలికి,

ఈ రోజు షెడ్డుకు పోలేదు. చిత్తూరు వెళ్ళి వచ్చాను. దారి పొడుగునా మామిడికాయల ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి, బస్సు ఆలస్యం.

నీ ఉత్తరం సోమవారం అందింది. తిరుపతి అయినా పరవాలేదని రాసింది మాకోసమని నాకు తెలుసు. ఫిజిక్సు గురించి రాసిన నాలుగు వాక్యాలు చదివితే ఎవరికైనా తెలుస్తుంది. నాకు రాయడం చేతకాదు. చెవులు పోయినప్పటి నుంచి మాట్లాడడం కూడా తగ్గింది. అందుకని చేయగలిగింది చేశాను.

నిబంధనల కాగితాలు డిక్షనరీ పెట్టుకుని మొత్తం చదివాను. చేరేటప్పుడు ఇవ్వవలసిన వాటిలో మొదటిది టీసీ. కాలేజీ ఆఫీసు వచ్చే వారం నుంచి సెలవని చిత్తూరు పోయివచ్చిన ఒకాయన చెప్పాడు. మన షెడ్లయినా యూనివర్సిటీ అయినా పాతచోట వదిలినట్టు కాగితం ఉంటేనే గదా కొత్తచోట నిలబడనిచ్చేది. నువ్వు వచ్చి తిరగడం ఎందుకని నేనే పోయాను.

ఆఫీసులో ఆయన "పాప రాలేదా?" అన్నాడు. నోరు చూసి అర్థం చేసుకున్నాను. తండ్రిని, నేనే సంతకం పెడతానన్నాను. "సీటు వచ్చినాదా అప్పా?" అని చీటీ మీద రాసి చూపించాడు. వస్తాది అన్నాను. కాసేపు నా ముఖం చూసి రాసి ఇచ్చాడు. మెట్లు దిగుతుంటే మీ కృపారాణి మేడమ్ ఎదురుపడింది. నా చేతిలో కాగితం చూసి చెయ్యి అడ్డంగా ఊపుతూ ఏదో చాలా చెప్పింది. ముఖానికి గుడ్డ కట్టుకుని ఉంది, నోరు కనపడలేదు. బస్సు టైమైందని నమస్కారం పెట్టి వచ్చేశాను. మంచి మనిషి.

టీసీ ఇందులో ఉంది. రిజిస్టరు పోస్టు చేస్తున్నాను. నువ్వు అడిగిన మాట ఇదే అనుకో. అమ్మకు ఇంకా చెప్పలేదు. చెబితే ఏడుస్తుంది, తర్వాత నవ్వుతుంది, నేను రెండూ ఒకేసారి చూడలేను.

ఢిల్లీబాబు


ఏర్పేడు,
10 జూన్ 2025

నాయనా,

కవరు అందింది.

నేను అయిదో తేదీన రాసిన ఉత్తరం ఈపాటికి నీకూ అంది ఉంటుంది. చదివి ఉంటావు. ఇక నేను కొత్తగా రాసేదేముంది.

మా సారుకు చూపించాను. ఆయన కాగితం తిప్పి వెనకవైపు చూశారు, అక్కడ ఏమైనా రాసి ఉంటుందేమోనన్నట్టు. "ఎవరు తీయమన్నారమ్మా?" అన్నారు. మా నాయన అని చెప్పాను. ఆయన దాన్ని మడిచి కవరులో పెట్టి నా చేతికి ఇచ్చారు.

నిన్ను ఒక్క మాట అడిగాను. మూడు వారాలుగా అడిగాను. నువ్వు మాట ఇవ్వలేదు, నన్ను అడగనూ లేదు. వెళ్ళి నా పేరు కొట్టించి వచ్చావు. అందరూ నీతో చీటీల మీద రాసి మాట్లాడతారే, నువ్వు ఒక చీటీ రాసి నన్ను అడగలేకపోయావా?

ఇప్పుడు నేను ఏ కాలేజీ విద్యార్థినీ కాదు. ఇక్కడ తరగతుల్లో ఎవరైనా ఎక్కడ చదువుతున్నావని అడిగితే ఏం చెప్పాలో తెలియక భోజనానికి వెళ్ళడం మానేశాను.

తరగతులు అయ్యాక ఇంటికి రాను. కృపారాణి మేడమ్ తిరుపతిలో ఒక లేడీస్ హాస్టల్లో ఉండే ఏర్పాటు చేశారు. అడ్రసు అమ్మకు చెబుతాను.

కోమలి


నగరి,
17 జూన్ 2025

కోమలికి,

నీ అయిదో తేదీ ఉత్తరం నేను కవరు పోస్టు చేసి వచ్చిన మూడోరోజు అందింది. చదివి పోస్టాఫీసుకు పరిగెత్తాను. పోయినదాన్ని వెనక్కి రప్పించలేమన్నారు. రప్పించినా ఏం లాభం, అక్కడ పేరు కొట్టేశారు గదా.

నిన్న మళ్ళీ చిత్తూరు వెళ్ళాను. నా చెవులుగా ధనశేఖర్‌ను తీసుకుపోయాను. ఆఫీసు సెలవన్నది ఉత్తమాట, ప్రిన్సిపాలు ఉన్నాడు. జరిగింది ధనశేఖరే చెప్పాడు. "సార్, తప్పు మాదే. తీసుకుపోయిన కాగితం తిరిగి ఇచ్చేస్తాం, పాపను మళ్ళీ చేర్చుకోండి" అన్నాడు.

ప్రిన్సిపాలు చెప్పింది ధనశేఖర్ తర్వాత నాకు రాసి ఇచ్చాడు, అదే ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. "యాడ చేర్చుకునేదయ్యా? మూడో సంవత్సరంలో ఉండేదే ఎనిమిది మంది. బాగా చదివే పాపే పోయినాదని తెలిసి ఇంకో నలుగురు వచ్చి టీసీ తీసుకున్నారు. సెక్షన్ ఎత్తేసినాం. ఇప్పుడు ఆయమ్మి వస్తే చెప్పేది ఎవురు, చెప్పించుకునేది ఎవురు?"

నేను బల్ల ముందు నిలబడే ఉన్నాను. ఆయన కుర్చీ చూపించాడు. కూర్చోలేదు. నీ పేరు ఒక్కటీ మళ్ళీ రాసుకోమని చేతులు జోడించాను. గట్టిగా అరిచానో ఏమో, బయట ఉన్నవాళ్ళు తలుపు దగ్గరకు వచ్చి చూశారు. ధనశేఖర్ నా భుజం పట్టుకుని బయటికి తెచ్చాడు.

బస్సులో వాడు నన్ను తిడుతూనే ఉన్నాడు. వినపడదని తెలిసి కూడా తిట్టాడు. పుత్తూరు దగ్గర బస్సు ఆగినప్పుడు నా వైపు తిరిగి, నోరు కనపడేటట్టు నిదానంగా అన్నాడు. "ఏమన్నా, ఇన్నేండ్లు మగ్గం మీద ఉండావే. కొత్త పడుగు అతకకముందే పాతది కోస్తావా? కొయ్యవే. మరి బిడ్డదెందుకు కోసినావు?"

మనుషులను షెడ్డు మార్చే పద్ధతి చూసుకున్నాను, పడుగు మార్చే పద్ధతి చూసుకోలేదు. రెండూ నాకు తెలిసినవే.

హైదరాబాదుకు నేను ఇంగ్లీషులో ఒక అర్జీ రాశాను, తప్పు నాదని. పంపమంటే పంపుతాను. ఈసారి నిన్ను అడగకుండా ఏదీ చేయను.

అమ్మకు చెప్పాను. ఏడ్చింది. నవ్వలేదు.

ఢిల్లీబాబు


నగరి,
28 జూన్ 2025

కోమలికి,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. అమ్మ ఫోను చేస్తే తిన్నాను, ఉన్నాను అని పెట్టేస్తున్నావట. అమ్మ నాకు ఆ రెండే సైగలు చేస్తోంది. అర్జీ బీరువా మీద అట్లనే ఉంది.

నాకు అన్నం పోవడం లేదు. షెడ్డులో నిలబడితే పోగు తెగింది కూడా కనపడడం లేదు, నిన్న మూరెడు గుడ్డ చెడిపోయింది. ధనశేఖర్ దాన్ని కూలిలో పట్టుకోలేదు. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది.

మొన్న అయిదో మగ్గం మీద పడుగును ఎలుకలు అచ్చు దాకా కొరికేశాయి. అతకడానికి పాత పోగు ఒక్కటీ మిగలలేదు. అట్లాంటప్పుడు ఒకటే దారి. ఒకరు వెనక కూర్చుని ఒక్కో పోగు ఏరి అందించాలి, ఇంకొకరు ముందు కూర్చుని కొక్కెంతో ఒక్కో సందులో నుంచి లాగాలి. మొదటి నుంచి చివరి దాకా. ఒక్కరే చేయలేరు. నేను వెనక కూర్చున్నాను. అందిస్తున్నంతసేపూ నువ్వే గుర్తుకు వచ్చావు. నీకు అందించేది ఏదైనా నా దగ్గర ఉందా? ఉంటే చెప్పు. ఏదైనా సరే.

తిట్టు. తిట్టయినా రాయి.

ఢిల్లీబాబు


తిరుపతి,
6 జూలై 2025

నాయనకు,

హైదరాబాదు నుంచి జవాబు వచ్చింది. దరఖాస్తు చూశాక వాళ్ళు ఆన్‌లైనులో ఒక పరీక్ష పెట్టారు, అది బాగా రాశానట. కానీ ఏ కాలేజీ పేర్ల పట్టీలోనూ లేను కాబట్టి మూడో సంవత్సరంలో తీసుకోలేరట. బాగా రాశానని చెప్పకుండా ఉండాల్సింది. నీ అర్జీ పంపక్కర్లేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, నియమం అది.

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, రాస్తే మళ్ళీ తీసుకోలేని మాటలు వస్తాయని. మనకు పోస్టులో వేసినవి వెనక్కి తీసుకోవడం రాదు కదా.

ఇప్పుడు మళ్ళీ రెండు దారులు. వచ్చే వేసవిలో హైదరాబాదు ప్రవేశపరీక్ష రాయడం, అప్పటిదాకా ఊరికే ఉండడం. లేదా ఇక్కడ తిరుపతిలో ఈ నెలే మొదటి సంవత్సరంలో చేరడం. కృపారాణి మేడమ్ నన్ను యూనివర్సిటీకి తీసుకుపోయారు. దారిలో ఆటోలో అన్నారు, "ఆరోజు మీ నాయనకు చెప్తానే ఉండా మా. మొగానికి గుడ్డ తీసేసి ఉంటే సరిపోయేది. ఆ ఎండకు నాకూ బుద్ధి పని చెయ్యలా." ఆమె కూడా నిద్రపోవడం లేదని అప్పుడు తెలిసింది.

ఫిజిక్సు ల్యాబు చూపించారు, నిజంగానే బాగుంది. తర్వాత నేను లెక్కల విభాగం వైపు నడిచాను. సెలవులు కాబట్టి ఎవరూ లేరు. ఒక గదిలో నల్లబల్ల మీద ఎవరో సగం రాసి వదిలేసిన నిరూపణ ఉంది. నిలబడి మిగతా సగం మనసులో పూర్తి చేశాను. ఎక్కడో ఒకచోట తప్పుంది, వెనక్కి వెళ్ళి చూస్తే వాళ్ళు మూడో వరసలోనే తప్పు చేశారు. మేడమ్ వచ్చి పిలిచేదాకా అక్కడే ఉన్నాను. అందుకని లెక్కల్లోనే చేరుతున్నాను, తిరుపతిలోనే, మొదటి సంవత్సరంలో. రెండేళ్ళు పోయాయి. నాకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చుని తెలిసిన పాఠాలే మళ్ళీ వినాలి. ఊరికే ఉంటే మాత్రం పిచ్చెక్కుతుంది.

నిన్ను క్షమించానని కాదు. ఆ కవరు ఇప్పటికీ చూడలేను. పెట్టె అడుగున పెట్టాను.

నువ్వు పోగులు అందించడం గురించి రాశావు. నాకు అందించడానికి నీ దగ్గర ఏమీ లేదు, ఉన్నదల్లా ముందే అందించేశావు. చెప్పడానికి మాత్రం ఉంది. శనివారం అడ్మిషను, తండ్రి రావాలట. రా. ఈసారి ఏ కాగితమూ తేవద్దు. యూనివర్సిటీ గేటు దగ్గర నిలబడి, నేను మేలో అడిగిన ఆ ఒక్క మాట, వెళ్ళమనో వద్దనో, నోటితో చెప్పు. నీకు వినపడకపోవచ్చు. నాకు వినపడుతుంది.

కోమలి


నగరి,
9 జూలై 2025

కోమలికి,

శనివారం మొదటి బండికి వస్తాను. అమ్మ కూడా వస్తానంటోంది. చేతిలో ఏమీ తేవద్దన్నావని చెబితే చింతకాయ పచ్చడి కాగితం కాదు గదా అంది.

చెప్పవలసింది నిన్న వంటింట్లో అమ్మ ముందు చెప్పి చూసుకున్నాను. అమ్మ ఉలిక్కిపడి చెవులు మూసుకుంది. పక్కింటి గురవమ్మ గోడ మీద నుంచి చూసింది. నా గొంతు ఎంత గట్టిగా వస్తుందో నాకు తెలియదు, తగ్గించడం కూడా తెలియదు. షెడ్డులో అట్లనే అరిచి అలవాటు.

గేటు దగ్గర చాలామంది ఉంటారేమో. అందరూ తిరిగి చూస్తారు. అయినా చెబుతాను.

నాయన